సాంభర్ నుంచి లూణీ దాకా: ఎడారి నీటి వెంట పక్షుల లెక్క

ఉప్పుపర్ర | జనవరి 19, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. గత వారం సాంభర్ సరస్సు దగ్గర మూడు ఉదయాలు, రెండు సాయంత్రాలు గడిపి వచ్చాను. నా నోటు పుస్తకంలో రాసుకున్నదంతా ఇక్కడ పెట్టడం నా ఉద్దేశం కాదు. తేలని సంగతులు కొన్ని మిగిలాయి, వాటి కోసమే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఆ చోటు చూడనివారి కోసం నాలుగు మాటలు. జైపూర్‌కు నైరుతి దిక్కున సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న సాంభర్, సముద్రానికి దూరంగా ఉన్న మన ఉప్పునీటి సరస్సులన్నిటిలోకీ పెద్దది. 1990 మార్చిలో, అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలను చేర్చే రామ్‌సార్ జాబితాలో చేరింది. ఉత్తరం నుంచి మేంధా, దక్షిణం నుంచి రూపన్‌గఢ్ అనే వాననదులు వచ్చి ఇందులో కలుస్తాయి గానీ, కలిసిన నీటికి బయటికి పోయే దారి లేదు. వచ్చిన నీరు ఎండకు ఆవిరి కావలసిందే, ఉప్పు అడుగున మిగలవలసిందే. 5 కిలోమీటర్లకు పైగా పొడవున్న రాతి గట్టు ఒకటి సరస్సును రెండుగా చీలుస్తుంది. తూర్పు వైపు ఉప్పు మడులూ కాలువలూ ఉంటే, పడమటి వైపు అసలు సరస్సు పరుచుకొని ఉంటుంది. పరుచుకొని ఉంటుందనే అనాలి, ఎందుకంటే వానాకాలం ముగిసినప్పుడు కూడా లోతు 3 మీటర్లకు మించదు, ఎండాకాలానికి అరికాలు తడిసేంత నీరు మిగిలినా గొప్పే.

మొదటి ఉదయం ఝపోక్ వైపు గట్టు మీద నుంచి ఫ్లెమింగోలను లెక్కపెడితే సుమారు 2,300 వచ్చాయి. మరునాడు అదే చోట, అదే వేళకు 900 దాటలేదు. మూడో రోజు మళ్లీ 2,000 పైచిలుకు. సరస్సు అదే, గాలి అదే, నేనూ అదే. ఇంత తేడా ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. ఇది మొదటి సందేహం.

రెండోది చిన్న బురదపిట్టల సంగతి. మడుల అంచున మూడు రకాలు కనబడ్డాయి. ఒకటి ఇసుక రంగు వీపు, తెల్లని పొట్ట కలది. రొమ్ముకు రెండు పక్కలా ముదురు మచ్చ ఉంది గానీ మధ్యలో కలవలేదు. రెండోదానికి కంటి చుట్టూ పసుపు వలయం ఉంది. మూడోది పిచ్చుకంత పిట్ట, గుంపుగా తిరుగుతోంది. కాళ్లు పసుపు ఛాయలో కనబడ్డాయి కాబట్టి టెమ్మింక్స్ స్టింట్ అని రాసుకున్నాను. సరేనా?

మూడోది సందేహం కాదు, సలహా. మార్చిలో మళ్లీ వెళ్లే అవకాశం ఉంది. ఈసారి సాంభర్ ఒక్కటే కాకుండా లూణీ నది వెంట ఎడారిలోకి వెళ్లాలని ఉంది. ఎక్కడ ఆగాలో తెలిసినవారు చెప్పగలరు.

తీతువుపిట్ట | జనవరి 19, మధ్యాహ్నం 1:15

ఉప్పుపర్ర గారూ, మీ బురదపిట్టల్లో మొదటి రెండూ సులభం. రొమ్ము మచ్చలు మధ్యలో కలవకుండా, మెడ వెనక తెల్లని పట్టీ ఉంటే అది కెంటిష్ ప్లోవర్. పసుపు వలయం కన్నది లిటిల్ రింగ్డ్ ప్లోవర్. ఆ తెల్లని పట్టీ లేకుండా, ఒంటికి కాస్త పెద్దగా ఉండి ఉంటే శాండ్ ప్లోవర్ల గురించి ఆలోచించవలసి వచ్చేది.

మూడోదానితోనే చిక్కు. కాళ్ల రంగును బట్టి స్టింట్‌లను విడదీయడం పుస్తకంలో బాగుంటుంది: లిటిల్ స్టింట్‌కు నల్లని కాళ్లు, టెమ్మింక్స్‌కు పసుపు కాళ్లు. కానీ ఉప్పు మడి బురద ఆరితే ఏ కాలికైనా లేత పసుపు పూత పూసినట్టు అవుతుంది. సాంభర్‌లో నేను కూడా ఒకసారి అలాగే బోల్తా పడ్డాను. కాళ్లు వదిలి నడత చూడండి. లిటిల్ స్టింట్ కుట్టుమిషన్ సూదిలా బురదను టకటకా పొడుస్తూ, తడి అంచు వెంట గుంపులుగా పరుగెడుతుంది. టెమ్మింక్స్ నెమ్మది మనిషి. నడుము వంచుకొని, గడ్డి మొలకలున్న తీపి నీటి అంచుల్లో ఒకటో రెండో తిరుగుతూ ఉంటుంది. రొమ్ము కూడా బూడిద రంగులో నిండుగా, పైచొక్కా వేసినట్టు ఉంటుంది. మీరు చూసింది ఉప్పు మడి అంచున, గుంపులో అన్నారు. నా అనుమానం నాకుంది, కానీ ఫొటో లేకుండా తీర్పు చెప్పను.

కొత్తరెక్క | జనవరి 19, సాయంత్రం 6:02

నేను పక్షులు చూడటం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు, కాబట్టి ప్రశ్న చిన్నదైతే క్షమించండి. ఫ్లెమింగోలు రెండు రకాలంటారు కదా, అంత దూరం నుంచి వాటిని వేరు చేయడం ఎలా? ఇంకొకటి: పత్రికలు ఫ్లెమింగోను రాజహంస అని రాస్తాయి. హంస అంటే బాతు జాతి కదా, అది సరైన మాటేనా?

నిఘంటువు | జనవరి 19, రాత్రి 9:30

రెండో ప్రశ్నకు మాత్రం సమాధానం చెబుతాను. అమరకోశం రాజహంసను ముక్కూ కాళ్లూ ఎర్రగా ఉన్న తెల్లని పక్షిగా నిర్వచించింది. ఆ వర్ణనకు ఫ్లెమింగో బాగానే సరిపోతుంది. బార్ హెడెడ్ గూస్ అనే గీతల తల బాతును హంసగా భావించేవారూ ఉన్నారు. కానీ దాని ఒళ్లు బూడిద రంగు, ముక్కూ కాళ్లూ పసుపు నారింజ కలిసిన రంగు. కాబట్టి పత్రికల వారి మీద కోప్పడవలసిన పని లేదు. ఇంతకు మించి రాస్తే చర్చ దారి తప్పుతుంది.

ఉప్పుపర్ర | జనవరి 20, ఉదయం 6:55

కొత్తరెక్క గారి మొదటి ప్రశ్నకు నేను చూసినది చెబుతాను. గ్రేటర్ ఫ్లెమింగో దూరానికి తెల్లగా కనబడుతుంది. ముక్కు లేత గులాబీ, కొస మాత్రం నలుపు. లెస్సర్ ఫ్లెమింగో ఎత్తులో చాలా పొట్టిది, ఒళ్లు ముదురు గులాబీ, ముక్కు ఎరుపు కలిసిన నలుపు కావడంతో దూరానికి మొత్తం నల్లగా తోస్తుంది. రెండూ కలిసి నిలబడినప్పుడు చిన్నవి పెద్దవాటి రెక్కల మడత దగ్గరికి వస్తాయి. పిల్లలు మాత్రం రెండింటివీ బూడిద గోధుమ రంగులోనే ఉంటాయి, అప్పుడు ఎత్తు చూసుకోవలసిందే.

మూడో ఉదయం ఒక లెస్సర్ ఫ్లెమింగో కాలువ గట్టుకు 40 అడుగుల దూరంలోకి వచ్చింది. మెడను పూర్తిగా కిందికి వంచి తలను తలకిందులుగా నీటిలో పెట్టింది. అంటే పై ముక్కు కిందికీ, కింది ముక్కు పైకీ వచ్చాయి. దవడ కింద చర్మం సన్నగా, ఆగకుండా అదురుతూ ఉంది. లోపల నాలుక పిచికారీ కాడలా నీటిని లాగి నెడుతుంటే, ముక్కు అంచుల జల్లెడ దగ్గర సూక్ష్మమైన నాచు నిలిచిపోతుంది. పెద్ద జాతి జల్లెడ కాస్త మోటుది, అందుకే అది ఉప్పునీటి రొయ్యలు, పురుగులు, గింజల వంటివాటిని తింటుంది. ఒకే నీటిలో పక్కపక్కన నిలబడి రెండూ వేరువేరు విస్తళ్లలో తింటున్నాయన్న మాట.

నీటికాకి | జనవరి 20, ఉదయం 10:20

మీ లెక్కల తేడాకు కారణం మీ చివరి మాటలోనే ఉంది. ఉప్పు సాంద్రత మారితే నాచు పెరిగే చోటు మారుతుంది, నాచు వెంట చిన్న జాతి కదులుతుంది. సాంభర్ అడుగు పళ్లెంలా చదునుగా ఉంటుంది కాబట్టి, ఒక రాత్రి పడమటి గాలి గట్టిగా వీస్తే పలుచని నీటి పొర తూర్పుకు జరుగుతుంది, గాలి పడిపోతే వెనక్కి వెళుతుంది. మీరు గట్టు మీద అదే చోట నిలబడ్డారు, నీరు మాత్రం అక్కడ నిలబడలేదు. గాలి అదే అన్నారు; అది మీరు నిలబడిన వేళ గాలి, ముందు రాత్రి గాలి కాదు.

లెక్కపెట్టే పద్ధతి కూడా చెప్పండి. పదిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా ఆక్రమించిందో కంటికి అలవాటు చేసుకొని, తరువాత వందను కొలతగా పెట్టుకొని గుంపు మొత్తం మీద పరుచుకుంటూ పోవడం అందరూ చేసేదే. కానీ నిలబడి తినే ఫ్లెమింగోల గుంపు అంచుల్లో పలుచగా, నడుమ దట్టంగా ఉంటుంది. అంచు దగ్గర తీసుకున్న కొలత నడుమకు సరిపోదు. నేను ఎప్పుడూ రెండు కొలతలు తీసుకుంటాను.

సమయం సంగతి మరీ ముఖ్యం. తూర్పు గట్టు మీద నుంచి చూస్తే ఉదయం ఎండ మీ వీపు మీద, పక్షుల ముఖాల మీద పడుతుంది. అందుకే అది సరైన వేళ. పది దాటాక ఉప్పు పర్ర మీద వేడి ఆవిరి లేచి, స్కోప్‌లో పక్షుల కాళ్లు కరిగిపోయినట్టు, ఒకటి రెండై ఊగినట్టు కనబడుతుంది. ఆ వేళ రాసుకున్న అంకె ఏదైనా నేను నమ్మను, నాదైనా సరే.

ఉప్పుపర్ర | జనవరి 20, మధ్యాహ్నం 12:40

ఒప్పుకుంటున్నాను. రెండో రోజు నేను గట్టుకు చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఇతరులకు పనికొస్తుందని చెబుతున్నాను. దగ్గరి దారి అనుకొని బండిని పర్ర మీదికి దింపించాను. పైన తెల్లని పెచ్చు నేలలాగే గట్టిగా కనబడింది. పది గజాలు పోయేసరికి పెచ్చు పగిలి, కింద ఉన్న నల్లని జిగట బురదలో వెనక చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. ఉప్పు పని చేసేవారు నలుగురు వచ్చి, సర్కారు తుమ్మ కొమ్మలు నరికి చక్రాల కింద వేసి బయటికి లాగారు. కాబట్టి ఆ రోజు "అదే వేళ" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

దుర్భిణి | జనవరి 21, రాత్రి 8:10

లూణీ గురించి అడిగారు. ఉద్యోగ రీత్యా నేను జోధ్‌పూర్‌లో ఆరేళ్లున్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. లూణీని మన నదులలాగా ఊహించుకొని వెళితే నిరాశే మిగులుతుంది. అజ్మీర్ దగ్గర ఆరావళి కొండల్లో పుట్టి, సుమారు 495 కిలోమీటర్లు నైరుతి దిశగా ప్రవహించి, సముద్రాన్ని చేరకుండానే కచ్ రణ్‌లో ఇంకిపోయే నది ఇది. వానాకాలం దాటాక చాలా చోట్ల వెడల్పాటి ఇసుక మేట, దాని మధ్య అక్కడక్కడ మడుగులు మాత్రమే ఉంటాయి. నది పేరే లవణం నుంచి వచ్చింది. ఎగువన నీరు తియ్యగానే ఉంటుంది, బాలోత్రా చేరేసరికి ఉప్పగా మారుతుందని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. పక్షులు చూసేవారికి ఈ తీపి, ఉప్పుల తేడాయే దారి చూపుతుంది.

తీపి నీటి భాగంలో మొదట బిలాడా దగ్గరి జస్వంత్ సాగర్ చూడండి. నిండిన ఏడాది బాతులు బాగా వస్తాయి, ఎండిన ఏడాది అక్కడ సాగు చేస్తారు. అందుకే బయలుదేరే ముందు ఎవరినైనా అడిగి నీరుందో లేదో తెలుసుకోవడం అవసరం. తరువాత జోధ్‌పూర్‌కు దక్షిణాన గుడా బిష్ణోయి చెరువు. బిష్ణోయిలు పక్షులనూ కృష్ణజింకలనూ చెట్లనూ కాపాడటం ధర్మంగా భావిస్తారు. 1730లో జమ్మి చెట్ల కోసం 363 మంది ప్రాణాలిచ్చిన ఖేజడ్లీ గ్రామం కూడా ఆ ప్రాంతంలోనే ఉంది. అక్కడివారు ఖేజ్రీ అనేది మన జమ్మి చెట్టునే. ఆ చెరువు గట్టున జింకలూ, కుర్జాలనే వలస పక్షులూ ఒకే రేవులో నీరు తాగడం చూడవచ్చు. మనుషులకు బెదరని పక్షులను చూసి చాలాకాలమైనవారు అక్కడ ఒక ఉదయం కూర్చుంటే చాలు.

లూణీకి ఉపనదులు చాలావరకు ఆరావళి వైపు నుంచి, అంటే ఎడమ గట్టున కలుస్తాయి. వాటిలో జవాయి మీద 1946లో మొదలై 1957లో పూర్తయిన ఆనకట్ట ఉంది. గ్రానైట్ గుట్టలు, వాటిపై చిరుతలు, నీటిలో మొసళ్లు, చలికాలంలో గీతల తల బాతులు, ఒకవైపు ఫ్లెమింగోలు. చిరుతల కోసం వచ్చేవారి జీపుల రద్దీ ఎక్కువ కాబట్టి ఆనకట్ట వైపే ఉండిపోవడం మేలు.

కుడి గట్టున కలిసేది జోజరీ ఒక్కటే. దాని గురించి రాయడానికి మనసు రాదు. జోధ్‌పూర్ పరిశ్రమల మురుగు దాని గుండానే లూణీలోకి వస్తుంది. పాలీ రంగుల పరిశ్రమల మురుగు బాండీ నది గుండా వస్తుంది. బాలోత్రా సంగతి సరేసరి. అక్కడ నల్లరెక్కల స్టిల్ట్‌లు, రఫ్‌లు అనే బురదపిట్టలు వందల్లో కనబడతాయి. మొదటిసారి చూసినప్పుడు ఇంత మంచి చోటు ఎవరికీ ఎందుకు తెలియదా అనుకున్నాను. మురుగులో పెరిగే పురుగుల కోసం అవి చేరాయని తరువాత తెలిసింది. పక్షుల సంఖ్య ఎక్కువగా ఉన్నంత మాత్రాన నీరు మంచిదని రాసుకోకండి. ఎన్ని జాతులున్నాయో, చేపలు తినేవి ఉన్నాయో లేవో కూడా రాసుకోండి. నీటికాకి, లకుముకి పిట్ట రెండూ లేని మడుగు ఏదో చెబుతున్నట్టే. ఎడారిలో ఉప్పు కోసం రుచి చూసే అలవాటు నాకుంది, కానీ బాలోత్రా దగ్గర ఆ పని చేయకండి. అక్కడి ఉప్పంతా లూణీది కాదు.

కొత్తరెక్క | జనవరి 22, ఉదయం 9:00

2019లో సాంభర్‌లో వేల పక్షులు చనిపోయాయని చదివాను. ఇప్పుడు అక్కడికి వెళ్లడం మనుషులకు ప్రమాదమా? అసలు అది ఎందుకు జరిగింది?

గోశాలవైద్యం | జనవరి 22, మధ్యాహ్నం 2:25

నేను పశువైద్యుణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నాకు వదలండి. 2019 నవంబరులో సాంభర్‌లో చనిపోయిన పక్షుల సంఖ్య 18,000 దాటింది. మొదట నీటి విషమనీ, ఉప్పెక్కువైందనీ, బర్డ్ ఫ్లూ అనీ రకరకాలుగా అనుకున్నారు. భోపాల్ ప్రయోగశాల బర్డ్ ఫ్లూ కాదని తేల్చింది; బరేలీలోని భారత పశువైద్య పరిశోధన సంస్థ బొటులిజం అని నిర్ధారించింది.

దీని నడక తెలుసుకోవలసినది. క్లాస్ట్రీడియం బొటులినం అనే బాక్టీరియా బురదలో విత్తులా ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగలదు. గాలి ఆడని చోట, వెచ్చదనమూ కుళ్లే మాంసమూ దొరికితే మేల్కొని విషాన్ని తయారు చేస్తుంది. ఒక పక్షి ఏ కారణంతో చనిపోయినా దాని కళేబరంలో ఆ విషం పుడుతుంది. ఈగలు గుడ్లు పెడతాయి, పుట్టిన పురుగుల్లో విషం పేరుకుంటుంది, కానీ పురుగులకు ఏమీ కాదు. మరో బాతు ఆ పురుగులను తిని చనిపోతుంది. ఒక కళేబరం నాలుగవుతుంది, నాలుగు నలభై అవుతాయి. విషం నరాల నుంచి కండరాలకు వచ్చే ఆజ్ఞను ఆపేస్తుంది; మొదట కాళ్లూ రెక్కలూ పడిపోతాయి, చివరకు మెడ నిలవదు. మెడ వాలిన పక్షి జానెడు నీటిలో కూడా మునిగిపోతుంది. పారలాంటి ముక్కున్న షావెలర్ బాతుల వంటివి బురద గాలించి తింటాయి కాబట్టి వాటికి దెబ్బ ఎక్కువ.

దీనికి అసలు మందు కళేబరాలను వెంటనే తీసి కాల్చడమో లోతుగా పూడ్చడమో. అందుకే మీరు వెళ్లినప్పుడు మెడ వాల్చిన పక్షులు, లేదా ఒకే చోట నాలుగైదు కళేబరాలు కనబడితే, ఫొటో తీసి అటవీ శాఖకు తెలపడం మీరు చేసే పక్షి లెక్కకన్నా విలువైన పని. చేతితో ముట్టుకోవద్దు, ఎందుకంటే చూసిన వెంటనే అది బొటులిజమో ఫ్లూనో చెప్పలేము. దూరంగా నిలబడి బైనాక్యులర్‌తో చూసేవారికి భయపడవలసింది లేదు. 2024 శరత్కాలంలో కూడా అక్కడ వందల పక్షులు ఇదే జబ్బుతో చనిపోయాయి, కాబట్టి ఇది ఒక్కసారి వచ్చి పోయిన కథ కాదు.

గడ్డివామి | జనవరి 23, సాయంత్రం 5:50

లూణీ దాకా వెళ్లేవారు ఖీచన్ చూడకుండా రావద్దని నా మనవి. ఫలోదీ పక్కన ఉన్న ఈ ఊరికి ఆగస్టు చివరి నుంచి కుర్జాలు, అంటే డెమోయిజెల్ క్రేన్‌లు, మంగోలియా, కజక్‌స్తాన్ వైపు నుంచి వచ్చి మార్చి దాకా ఉంటాయి. క్రేన్ జాతులన్నిటిలోకీ చిన్నది ఇదే. నల్లని మెడ, కన్ను వెనక నుంచి జారే తెల్లని ఈకల కుచ్చు, మూడు కిలోలకు మించని బరువు. కొంగ అనుకోకండి: కొంగ మెడను ముడుచుకొని ఎగురుతుంది, ఇది చాపుకొని ఎగురుతుంది. 1970లలో రతన్‌లాల్ మాలూ అనే ఆయన గింజలు వేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఊరంతా కలిసి కంచె వేసిన చుగ్గాఘర్‌లో జొన్నలు చల్లుతున్నారు. పక్షులు పెరిగి పెరిగి పదివేలు దాటాయి. 2025 జూన్‌లో ఆ చోటు రామ్‌సార్ జాబితాలో చేరింది.

చూడవలసింది వాటి క్రమశిక్షణ. తెల్లవారక ముందే ఊరి బయట ఇసుక తిన్నెల మీద దిగి నిలబడతాయి. ఒక గుంపు కంచె లోపల దిగి తిని లేచాకే మరొక గుంపు దిగుతుంది. మేడ మీద కూర్చున్న మా మీద రెక్కల గాలి తగిలింది. తిన్నాక పొద్దెక్కే వేళకు చెరువులకు వెళ్లి నీళ్లు తాగుతాయి, గులకరాళ్లు మింగుతాయి.

గోశాలవైద్యం | జనవరి 23, రాత్రి 9:15

గడ్డివామి గారి ఆనందాన్ని తగ్గించాలని కాదు గానీ, ఒక మాట చెప్పక తప్పదు. పదివేల పక్షులు రోజూ ఒకే కంచెలో భుజం భుజం తాకేలా తింటే, జబ్బు ఒకదానికి వస్తే ఆగేదెక్కడ? 2021 నవంబరులో జోధ్‌పూర్ జిల్లా కాపర్డాలో కుర్జాలు బర్డ్ ఫ్లూతో చనిపోయాయి. గింజలు వేయడం దయ, కాదనను. కానీ దయ ఒకే చోట కుప్ప పడకుండా నాలుగు చోట్ల పరిస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

గడ్డివామి | జనవరి 24, ఉదయం 8:05

డాక్టరు గారూ, మీ భయం సరైనదే. కానీ గింజలు ఆపితే అవి పొలాల మీద పడతాయి, అప్పుడు రైతు రాయి పట్టుకుంటాడు. ఇప్పుడు అక్కడ ఆడవారు పాటల్లో కుర్జాను పిలిచి దూరదేశంలో ఉన్న భర్తకు కబురు చెప్పమంటారు. అలాంటి అనుబంధం పాడైతే తిరిగి రాదు. పైగా ఖీచన్‌లో నేను విన్నంతవరకు కుర్జాలకు జబ్బుకన్నా కరెంటు తీగల వల్ల జరిగిన చేటే జనం నోట ఎక్కువగా వినబడుతుంది. మంచు పట్టిన ఉదయం అవి తీగను చూడలేవు.

నిర్వాహకుడు | జనవరి 24, ఉదయం 11:30

ఇద్దరి వాదనలూ విలువైనవే, ఇక్కడితో ఆపి లూణీ దగ్గరికి రండి. మరొక విన్నపం: జైసల్మేర్ వైపు బట్టమేక పిట్టను (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) చూసినవారు దయచేసి చోటు, తేదీ, ఫొటోలోని స్థాన వివరాలు ఇక్కడ పెట్టవద్దు. అడవిలో మిగిలినవి 150కి అటూ ఇటూ మాత్రమే. గూళ్ల విషయంలో ఏ పక్షికైనా ఇదే నియమం.

దుర్భిణి | జనవరి 25, రాత్రి 7:45

మార్చిలో వెళతానన్నారు కాబట్టి ఒక రహస్యం చెబుతాను. మార్చికి బాతులు చాలావరకు వెళ్లిపోతాయి, కానీ నీరు తగ్గి మడుగులు తక్కువవుతాయి కాబట్టి పావురమంత ఎడారి పిట్టలైన సాండ్‌గ్రౌస్‌లను చూడటానికి అంతకంటే మంచి సమయం లేదు. చెస్ట్‌నట్ బెల్లీడ్ సాండ్‌గ్రౌస్ పొడి గింజలు తిని బతుకుతుంది, అందుకే రోజూ నీరు తాగాలి. పొద్దు పొడిచిన రెండు గంటల తరువాత, ఎటు నుంచో గుటగుట శబ్దంతో చిన్న గుంపులు వచ్చి, వెంటనే నీటి దగ్గర దిగకుండా కాస్త దూరంలో ఇసుకపై దిగి చూస్తాయి. డేగ భయం. అప్పుడు మీరు కదిలితే ఆ రోజుకు అంతే, తిరిగి రావు. మడుగుకు 60 అడుగుల దూరంలో తుమ్మ పొద పక్కన, ఏడు గంటలకే కూర్చోండి. తొమ్మిదిన్నర దాకా లేవకండి.

గూడు కట్టే కాలంలో మగపక్షి పొట్ట ఈకల్లో నీరు నింపుకొని పిల్లలకు తీసుకెళుతుంది. ఇది కట్టుకథ అని చాలాకాలం కొట్టిపారేశారు. ఆఫ్రికాలోని నమాక్వా సాండ్‌గ్రౌస్ మీద 1967లో అచ్చయిన పరిశీలనతో నిజమని తేలింది. 2023లో అదే ఈకల సూక్ష్మ నిర్మాణాన్ని పరిశీలించి, మగది సుమారు 25 మిల్లీలీటర్ల నీటిని మోయగలదని చెప్పారు. మన ఎడారి జాతిలో చూడగలిగితే మీ అదృష్టం.

ఉప్పుపర్ర | మార్చి 22, రాత్రి 10:05

వెళ్లి వచ్చాను. చెప్పినవారందరికీ కృతజ్ఞతలు.

జస్వంత్ సాగర్‌లో నీరు వెనక్కి పోయి, తడి నేలంతా పచ్చగా ఉంది. బాతులు పోయాయి, తీతువులు మాత్రం ఉన్నాయి. జవాయిలో గీతల తల బాతులు 11 మాత్రమే మిగిలాయి. ఉత్తరం వైపు ముఖం పెట్టుకొని, ఎప్పుడు లేవాలా అన్నట్టు నిలబడ్డాయి. బాలోత్రా దగ్గర వంతెన మీద నుంచి చూస్తే స్టిల్ట్‌లు 400 దాకా ఉన్నాయి. లకుముకి పిట్ట ఒక్కటీ లేదు. దుర్భిణి గారి మాట గుర్తొచ్చి అలాగే రాసుకున్నాను, రుచి చూడలేదు.

సాండ్‌గ్రౌస్ కోసం మొదటి రోజు ఎనిమిదిన్నరకు ఓపిక పట్టలేక లేచాను, 30 దాకా గాలిలోనే మళ్లిపోయాయి. రెండో రోజు కదలలేదు. 8:40కి దిగినవి నీరు తాగి, పది సెకన్లలో లేచాయి. ఒక మగది మాత్రం ఉండిపోయింది. పొట్ట మునిగేదాకా నీటిలోకి నడిచి, తోకనూ రెక్కల కొసలనూ పైకి ఎత్తిపట్టి, ఒళ్లును ముందుకూ వెనక్కూ ఊపుతూ రుద్దుకుంది. మధ్యలో రెండుసార్లు ఆగి తల ఎత్తి చూసింది. లేచినప్పుడు పొట్ట ఈకలు ముదురు రంగు తిరిగి, తడిగుడ్డలా అంటుకొని ఉన్నాయి. నాలుగు నిమిషాలకు పైగా పట్టింది. తూర్పు వైపు తక్కువ ఎత్తులో, నేరుగా ఎగిరిపోయింది. గూడెక్కడో వెతకలేదు.

తిరుగు ప్రయాణంలో సాంభర్ దగ్గర ఒక ఉదయం ఆగాను. ఝపోక్ గట్టు ముందు జనవరిలో ఫ్లెమింగోలున్న చోట పెచ్చు ఎండి పగుళ్లిచ్చింది. అవి సరస్సు నడిమధ్యన సన్నని గులాబీ గీతలా ఉన్నాయి. అది ఎంతో అంకె వేయలేదు. మడుల అంచున స్టింట్‌ల గుంపు ఉంది. ఈసారి కాళ్లు చూడకుండా నడత చూశాను: అవి కుట్టుమిషన్‌లే. అరగంట తరువాత ఒకటి కాలువలో దిగి స్నానం చేసి గట్టెక్కింది, కాళ్లు నల్లగా మెరిశాయి. జనవరి 14 నాటి నా జాబితాలో టెమ్మింక్స్ స్టింట్ కొట్టివేసి, లిటిల్ స్టింట్, 60, అని దిద్దుకున్నాను.

తీతువుపిట్ట | మార్చి 23, ఉదయం 6:20

దిద్దిన జాబితాను, అందరూ తమ పక్షి లెక్కలు నమోదు చేసే ఈ-బర్డ్‌లో కూడా మార్చండి. జనవరి నుంచి దాన్ని చూసి టెమ్మింక్స్ కోసం ఇద్దరు ఆ మడులు వెతికారట.